రాయి నడిచిపోయిన మలుపు

“రాయి పోయిందండీ,” అంది ప్లానరమ్మ, మూడోసారి.

“చూశానండీ,” అంది చీమ, మూడోసారి.

చూడకపోవడానికి వీల్లేదు. కొండదారి పెద్ద మలుపు తిరిగే చోట, నిన్నటిదాకా నడుమెత్తు రాయి నిలబడ్డ చోట, ఇవాళ గొయ్యి ఉంది. గొయ్యి చుట్టూ నాలుగు కర్రలూ, కర్రలకు తాడూ, తాడుకు వేలాడే ‘ముట్టరాదు’ బోర్డూ మాత్రం చెక్కు చెదరలేదు. దొంగ ఎవడో గానీ మర్యాదస్తుడు. బోర్డుని మాత్రం ముట్టుకోలేదు.

చీమ అసలు పేరు చీమ కాదు. మనిషి పొట్టి, ఏ సందులోనైనా దూరుతుంది, తనకంటే పెద్ద సంచీ మోస్తుంది. డిటెక్టివ్‌గా బోర్డు కట్టిన మొదటి వారంలోనే ఊరు ఆ పేరు పెట్టేసింది, ఆమె కూడా కాదనలేదు. ఆ సంచీలో భూతద్దం, టేపు, టార్చి, గొడుగు, ఇంకో గొడుగు, పోయినేడాది కేసులో దొరికి ఎవరూ పట్టుకుపోని ఇనప తాళం ఉన్నాయి. ఆ సంచీని తక్కెడలో వేస్తే తక్కెడ ఉద్యోగం మానేస్తుంది.

“మీకు అర్థం కావట్లేదు చీమగారూ! మధ్యాహ్నం హెరిటేజ్ కమిటీ వస్తోంది!” ప్లానరమ్మ చేతిలో మ్యాపుని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. పొద్దుటి నుంచీ ఇదే పని. మ్యాపు తువ్వాలులా మెత్తబడిపోయింది. “ఎనిమిదేళ్ళు ఈ దారి ప్లాను కోసం తిరిగాను. మా ఆయన్ని మొదటిసారి ఈ మలుపు దగ్గరే కలిశాను. పాపం, ఎక్కొచ్చిన ఆయాసానికి మాట రాక, పెళ్ళికి తలూపేశాడు.”

సంగతి ఇదీ. పూర్వం ఈ కొండల్లో సరుకంతా మనుషుల వీపుల మీదే కనుమ దాటేది. మూట కిందికి దింపితే మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని దారి పొడుగునా బరువు రాళ్ళు నిలబెట్టారు. ప్రతి రాతికీ పైన పీటలాంటి మెట్టు చెక్కి ఉంటుంది. మోసేవాడు వెనక్కి తిరిగి, వీపు మీది మూటని ఆ మెట్టుకి ఆనించి, కాసేపు ఊపిరి పీల్చుకుని, దింపకుండానే మళ్ళీ బయలుదేరతాడు. ఈ దారంతటినీ ఇప్పుడు హెరిటేజ్ కారిడార్ అని ప్రకటించబోతున్నారు. అంటే రాతి నుంచి రాతికి మ్యాపు మీద గీత గీస్తారు. ఆ గీతకి అటూ ఇటూ ఎవడూ పలుగు దించకూడదు. మలుపులో రాయి లేకపోతే గీత తెగిపోతుంది. తెగిన గీతని పక్క గట్టు మీదికి మళ్ళిస్తారు. అప్పుడు ఈ మలుపుని రోడ్డు కాంట్రాక్టరు మందు పెట్టి పేల్చుకోవచ్చు. ప్లానరమ్మ ఎనిమిదేళ్ళూ కంకరైపోతాయి.

చీమ తాడు కిందనుంచి దూరి గోతి పక్కన బోర్లా పడుకుంది.

“అయ్యో, లోపలికెళ్ళకూడదండీ!”

“గొయ్యిని ముట్టకూడదని బోర్డు మీద రాయలేదు కదండీ.”

నిన్న సాయంత్రం వాన పడింది. మట్టి ఇంకా మెత్తగా ఉంది. గోతి దగ్గర్నుంచి ఒక్క జత బూటు గుర్తులు చెక్క వంతెన వైపు వెళ్ళాయి. చీమ లేచి, సంచీతోనే పక్కన ఒక అడుగు వేసి చూసింది. తన అడుగే ఇంకాస్త లోతుగా దిగింది.

“ఇంత రాయిని ఎంతమంది ఎత్తాలి?”

“ఎనిమిది మంది. అదీ గట్టివాళ్ళైతే.”

“ఇక్కడ ఒక్కడే ఎత్తాడు. ఎత్తి, పూలబుట్ట పట్టుకెళ్ళినట్టు పట్టుకెళ్ళాడు. వీడు దొరికితే జైల్లో పెట్టకండి, పోటీలకి పంపిద్దాం.” ఆమె గోతిలో చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. తీసి చూస్తే నల్ల రబ్బరు ముక్క. ఒక పక్క నున్నగా, ఇంకో పక్క జిగురుగా ఉంది. మామూలుగా కొండలకి రబ్బరు మొలవదు. ముక్కని జేబులో వేసుకుంది.

“ఈ రాయిని ఆఖరుసారి ముట్టుకున్నదెవరు?”

ప్లానరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. “ముట్టుకోవడమా! ఆ బోర్డు పెట్టించిందే నేనండీ. క్రితం నెల మరమ్మతని దారి మూసినప్పుడు మ్యూజియం బాబాయి కూడా చేతికి తొడుగులు వేసుకునే దగ్గరికెళ్ళాడు. అంత జాగ్రత్తగా చూసుకున్నాం.”

“ఊఁ. అంత జాగ్రత్తగా చూసుకున్నారు కాబట్టే పోయింది.”

“ఏంటీ?”

“ఏం లేదు. మా బావ వస్తున్నాడు. మీరు కాస్త చెవులు మూసుకోండి.”

వంతెన వైపు నుంచి ముందు గొంతు వచ్చింది, వెనకాల పొట్ట వచ్చింది, ఆ తర్వాత తీరిగ్గా మనిషి వచ్చాడు. చీమ అక్క మొగుడు. ఊళ్ళో రెండో డిటెక్టివ్. ఆయన్ని అడిగితే మొదటి డిటెక్టివ్. మెడలో కెమెరా, నడుముకి దిక్సూచి, చేతిలో ఏదో కొలిచే మీటరు, పట్టపగలు తలకి లైటు. ఆయన నడుస్తుంటే పరికరాల దుకాణం షికారుకెళ్ళినట్టుంటుంది.

“ఏం మరదలా! గొయ్యిలో ఏం వెతుకుతున్నావ్? నీ తెలివా?”

“కాదు బావా, నీ ఫీజు. పని చెయ్యకుండా తీసుకుంటావు కదా, ఇలాంటి చోటే దాస్తావేమో అని.”

“నవ్వుకో, నవ్వుకో.” ఆయన ప్లానరమ్మ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, నేను రోడ్డు కాంట్రాక్టరు గారి తరఫున పని చేస్తున్నాను. మీకొక శుభవార్త. మీ రాయి ఎక్కడికీ పోలేదు. అసలు అది ఎప్పుడూ ఇక్కడ లేదు. అదుగో, పక్క గట్టు మీద ఉంది. ఇవాళ పొద్దున్న స్వయంగా నేనే కనిపెట్టాను. పాత దారి కూడా అటే పోయేదని రిపోర్టు రాసేశాను.”

“ఇక్కడ లేకపోవడమేంటండీ! ఫోటోలున్నాయి!” ప్లానరమ్మ గొంతు కీచుమంది.

“చూశాను. ఫోటోలో రాయుంది, చుట్టూ పొగమంచుంది. ఈ కొండల్లో పొగమంచు లేని చోటేది మేడమ్? ఆ ఫోటో మా గట్టుదని నేనంటే?”

ప్లానరమ్మ మ్యాపుని మళ్ళీ చుట్టింది. ఈ మలుపులో ఎనిమిదేళ్ళుగా తీసిన ప్రతి ఫోటోలోనూ పొగమంచే పడింది. మొగుడితో తీయించుకున్న ఫోటోలో కూడా మొగుడు కనపడడు.

“మరి ఈ గొయ్యి?” అంది చీమ.

“మీవాళ్ళే తవ్వుకుని ఉంటారు, సానుభూతి కోసం.”

చీమకి ఒళ్ళు మండింది. కానీ మండినప్పుడే ఆమె ముఖం చల్లగా ఉంటుంది. “పందెం వేసుకుందామా బావా? ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ బరువు మొయ్యాలి. ఇవాళంతా. నోరెత్తకుండా.”

బావ ఆమె సంచీ వైపు చూశాడు. ప్లానరమ్మ చూస్తుండగా వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

“సరే. నా మీటరు కిలోన్నర ఉంటుంది. నలిగిపోతావ్, చూసుకో.”

ఇంతలో చీమ ఫోను మోగింది. అక్క.

“మీ బావ స్వెటరు వేసుకున్నాడా?”

“వేసుకోలేదు అక్కా. తలకి లైటు వేసుకున్నాడు.”

“ఫోనివ్వు ఆయనకి!”

బావ ఫోను అందుకుని కొండ వైపు తిరిగి, ‘ఊఁ’ అని ఎనిమిదిసార్లు, ‘సరేనే’ అని రెండుసార్లు అని తిరిగిచ్చేశాడు. తర్వాత వంతెన దాటేదాకా ఆయన గొంతు మామూలు మనుషుల స్థాయిలోనే ఉంది.

పక్క గట్టు మీద కాంట్రాక్టరు మేస్త్రి కాపలా ఉన్నాడు. బిగుతు బనియను, చేతులు రెండూ పక్కలకి ఎత్తిపెట్టుకుని నిలబడ్డాడు, చంకల్లో గుమ్మడికాయలున్నట్టు. పక్కనే రాయి. దానికీ నాలుగు కర్రలు, తాడు, ‘ముట్టరాదు’ బోర్డు. బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు.

“నేనే పెట్టించాను,” అన్నాడు బావ గర్వంగా. “హెరిటేజ్ అంటే హెరిటేజే. కొలతలన్నీ దూరం నుంచే తీశాను. ఎత్తు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, మెట్టు సరిపోయింది. రంగు తొంభై ఎనిమిది శాతం సరిపోయింది.”

“బరువు?”

“ముట్టకుండా బరువెలా చూస్తారే, పిచ్చిదానా!”

ప్లానరమ్మ రాయిని చూసి ముఖం మాడ్చుకుంది. అది ఆమె రాయే. ఎనిమిదేళ్ళు చూసిన ముఖం, పొరపాటు పడదు. చీమ మాత్రం రాయిని కాదు, రాయి నిలబడ్డ తీరుని చూస్తోంది. దారికి ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. రాయి లోయ అంచున ఉంది. దాని మెట్టు కూడా లోయ వైపుకే తిరిగి ఉంది.

“మేస్త్రిగారూ, ఇక్కడినుంచి చూస్తే కింద ఏరు ఎంత బాగుంది కదా?”

మేస్త్రి ముఖం వెలిగింది. “సూపర్‌గా ఉంటది మేడమ్! ఆ మెట్టు మీద కూర్చుంటే సూర్యుడు దిగేది మొత్తం కనపడతది. అందుకే ఇటు తిప్పి...” ఆగాడు. “ఇటు తిప్పి ఉన్నట్టుంది. ఎప్పటినుంచో. మా ముత్తాతల కాలం నుంచి.”

“బావా, నీ వీపు మీద బస్తా ఉందనుకో. అలిసిపోయావు. దాన్ని ఆనించాలంటే కొండ వైపు ఆనిస్తావా, లోయ వైపు ఆనిస్తావా?”

“కొండ వైపే. లోయ వైపైతే బస్తాతో పాటు నేనూ...” బావ కూడా ఆగాడు. ఇవాళ మాటలు మధ్యలో ఆగే రోజులా ఉంది.

“ఈ దారి మీద ప్రతి రాయీ కొండ వైపే ఉంది, మెట్టు మనిషి వైపు తిరిగి ఉంది. ఈ ఒక్కటీ సినిమా హాల్లో కుర్చీలా ఉంది. దీన్ని నిలబెట్టినవాడు జన్మలో బరువు మొయ్యలేదు. సాయంత్రం పూట కూర్చుందామనుకున్నాడు.”

“థియరీలు వద్దు,” అన్నాడు బావ. “రాయి రాయే. ఒరిజినల్.”

“ఒరిజినలైతే నన్ను ఆపుతుంది కదా?”

ఎవరూ అడ్డుపడేలోగా చీమ తాడు దాటింది. లోయకి వీపు పెట్టి, ఆ తక్కెడ మెచ్చని సంచీని రాతి తలకి ఆనించి, బరువులవాళ్ళు చేసినట్టే ‘అమ్మయ్య’ అంటూ ఒళ్ళు వదిలేసింది.

రాయి ‘కిర్రు’మంది. వెనక్కి ఒరిగింది. దాంతో పాటు చీమ కూడా ఒరిగింది. కింద ఏరు ఎంత బాగుందో ఒక్క క్షణం ఆమెకి చాలా దగ్గరగా కనిపించింది.

ఒక చెయ్యి సంచీ పట్టెడని పట్టుకుని లాగింది. చీమ ఎగిరొచ్చి బావ పొట్ట మీద పడింది. కెమెరా పగిలింది. దిక్సూచి ఎగిరిపోయింది, ఏ దిక్కుకి పోయిందో తెలుసుకోవడానికి ఇంకో దిక్సూచి లేదు.

“నీకేమన్నా అయితే మీ అక్క నన్ను బతకనిస్తుందా!” అని అరిచాడు బావ. పట్టెడ మాత్రం వదల్లేదు.

రాయి లోయలోకి దొర్లింది. దొర్లుతూ చేసిన చప్పుడు రాయి చప్పుడు కాదు. ఖాళీ డ్రమ్ము మెట్ల మీంచి దిగినట్టు టొంగు, టొంగు, టొంగు అంది. చివరికి ఏట్లో పడింది. ఒకసారి మునిగింది. పైకి తేలింది. రెండుసార్లు గుండ్రంగా తిరిగి, దారి చూసుకుని, ఊరి వైపు హాయిగా సాగిపోయింది.

అందరూ గట్టు అంచుకి వంగి చూశారు.

“తేలుతోంది,” అన్నాడు బావ చివరికి. “తొంభై ఎనిమిది శాతం.”

చీమ మేస్త్రి వైపు తిరిగింది. “నిన్న వాన ఆగాక ఎత్తుకొచ్చారు. ఒక్కరే. అవునా?”

మేస్త్రి చేతులు కిందికి దిగిపోయాయి. చంకల్లో గుమ్మడికాయలు మాయమయ్యాయి. “కాంట్రాక్టరు గారు ఎనిమిది మందిని తీసుకెళ్ళమన్నారు మేడమ్. ఎనిమిది మందైతే ఎనిమిది నోళ్ళు. ముందు నేనొక్కణ్ణే కదిపి చూద్దామని పట్టుకున్నా. లేచిపోయింది.”

“అప్పుడైనా అనుమానం రాలేదా?”

“నెల్లాళ్ళుగా దండీలు తీస్తున్నా మేడమ్.” కళ్ళు తుడుచుకున్నాడు. “ఫలితం కనిపిస్తోందనుకున్నా. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పా. ఎనిమిది మంది మొయ్యాల్సిన రాయిని ఒంటి చేత్తో ఎత్తానే అని. ఆవిడ ఊరంతా చెప్పింది. ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని...”

దొంగ ఏడుస్తుంటే ప్లానరమ్మే రుమాలిచ్చింది.

బావ తలకున్న లైటు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాంట్రాక్టరుకి ఫోను చేసి, “సార్, నా రిపోర్టు చింపేస్తున్నాను. మీ కేసు కూడా,” అని పెట్టేశాడు. తర్వాత ఏమీ అనకుండా చీమ సంచీని తన భుజానికి వేసుకున్నాడు. మోకాళ్ళు ‘టక్కు’మన్నాయి.

“ఇందులో ఏం పెట్టావే? కొండా?”

“నోరెత్తకుండా అన్నాం కదా బావా.”

“మరి నా రాయి?” అంది ప్లానరమ్మ. “ఇది ఉత్తదైతే అసలుది ఏదండీ?”

చీమ జేబులోంచి రబ్బరు ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టింది. “ఇలాంటిది ఎక్కడ చూశారు? కదలకుండా కింద అంటిస్తారు. గాజు పెట్టెల కాళ్ళకి.”

ప్లానరమ్మ ముక్కని తిప్పి చూసింది. మెల్లగా ఆమె ముఖం ఎర్రబడింది. “బాబాయ్!”

మ్యూజియం అంటే ఊరి మొదట్లో ఒక పొడుగాటి గది. లోపల పాత గంపలు, పాత తాళ్ళు, గాజు పెట్టెలు. గది మధ్యలో పీఠం కూడా లేకుండా నేల మీదే ఒక బరువు రాయి, దాని ముందు ‘నమూనా - ముట్టరాదు’ అన్న బోర్డు. వీళ్ళు ఆయాసపడుతూ లోపలికి అడుగుపెట్టేసరికి ఆ రాతికి ఎవరో జారగిలబడి ఉన్నారు.

ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. చెవి మీద ఎర్ర పెన్సిలు. వీపు మీద సంచీని రాతి మెట్టుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఈ లోకంలో లేనట్టుంది. పక్కనే మ్యూజియం బాబాయి, చేతికి తెల్ల తొడుగులతో, ఉడికిపోతున్న గిన్నె మూతలా అటూ ఇటూ కదులుతున్నాడు.

“ముట్టకూడదండీ... ఆనుకోకూడదండీ...”

“కమిటీ పెద్దావిడ!” అంది ప్లానరమ్మ నీరసంగా. “ముందే వచ్చేశారు!”

ఆవిడ ఒక కన్ను తెరిచింది. “వంతెన మీద నిలబడ్డానమ్మా. ఏట్లో ఒక రాయి ఈదుకుంటూ పోయింది. నలభై ఏళ్ళ సర్వీసులో రాళ్ళు పడటం చూశాను, పగలడం చూశాను, ఈదడం చూళ్ళేదు. ఎవరిదని అడుగుదామని ఇలా వచ్చాను. కాళ్ళు లాగి దీనికి ఆనుకున్నాను.” రాతిని అరచేత్తో తట్టింది. “నమూనా అంటున్నారు గానీ, బాగా కుదిరింది. ఇసుమంత కూడా కదల్లేదు. ఎవరు చేశారు?”

బాబాయి తొడుగులు సర్దుకున్నాడు.

“చెప్పండి బాబాయ్,” అంది చీమ. “క్రితం నెల మరమ్మతని దారి మూసి, ఏ రాయి ఎక్కడికి చేరింది?”

ఆయన తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీశాడు. “వానలో తడుస్తోందమ్మా. అవతల రోడ్డుకి మందు పేలుస్తుంటే వణికిపోతోంది. నేను చూశాను. రాయి వణకడం చూస్తే నిద్రపట్టదు. అందుకని అచ్చు అలాంటిదే ఒకటి చేయించి అక్కడ పెట్టి, దీన్ని చక్రాల్లేని చెక్క స్లెడ్జి మీద దింపి ఇంటికి తెచ్చుకున్నాను. అదే, మ్యూజియానికి. ఊగకుండా దాని కింద రబ్బరు కూడా పెట్టాను. ఎవరికీ అనుమానం రాకూడదని దీనికి నమూనా బోర్డు తగిలించాను.”

“ఎవరికీ రాలేదు!” ప్లానరమ్మ అరిచింది. “నెల్లాళ్ళు నేను ఉత్త డబ్బాకి కాపలా కాశాను! రోజూ వెళ్ళి చూసి ‘ఎంత బాగుందో’ అనుకున్నాను!”

“అంటే బాగా చేయించానన్నమాటేగా,” అన్నాడు బాబాయి ఆశగా.

“బాబాయ్, అది ఇక్కడుంటే దారి చచ్చిపోతుంది! రాయొక్కటీ పెట్టెలో పెట్టుకుంటే, అది ఎందుకుందో ఎవడికి తెలుస్తుంది?” నేల వైపు చూస్తూ అంది: “ముందు ఆ తాడు కట్టించింది నేనే. కట్టకపోయుంటే మొదటి రోజే ఎవరో ఒకరు సంచీ ఆనించేవాళ్ళు. అప్పుడే తెలిసిపోయేది.”

గదిలో చీమ నవ్వలేదు. ఆమె నవ్వని సందర్భాలు ఏడాదికి రెండో మూడో.

పెద్దావిడ రెండో కన్ను కూడా తెరిచింది. “చూడమ్మా, నేను గదుల మీద గీత గియ్యను. రాయి నిలబడ్డ చోట గీస్తాను. చీకటిపడే లోపు ఇది దాని గోతిలో ఉంటే అటు గీస్తాను. లేకపోతే పెన్సిలు చెక్కుకుని పక్క గట్టుకి పోతాను. ఎనిమిది మంది ఉన్నారా?”

లెక్క చూశారు. బావ, మేస్త్రి, బాబాయి. బయట మేస్త్రి బలం చూడటానికి పోగైన జనంలోంచి ఐదుగురు. రాతికి తాళ్ళు బిగించి రెండు దుంగలు దూర్చారు. మేస్త్రి ముందు దుంగ కిందికి వెళ్ళి, చేతులకి ఉమ్మి రాసుకుని, కళ్ళు మూసుకుని, ఎత్తాడు. ముఖం చింతపండులా నలిగింది. రాయి నేల వదిలింది.

“ఇదీ!” అన్నాడు పళ్ళ మధ్యనుంచి. “ఇదీ రాయంటే! మా ఆవిణ్ణి పిలవండ్రా!”

బయలుదేరారు. బావ భుజాన దుంగ, వీపున చీమ సంచీ. పందెం పందెమే. మొదటి ఎత్తు ఎక్కేసరికి ఎనిమిది మందికీ నాలుకలు బయటికొచ్చాయి. అక్కడ దారి పక్కన ఒక బరువు రాయి నిలబడి ఉంది. చుట్టూ తాడు. ప్లానరమ్మ ముందుకెళ్ళి తాడు విప్పేసింది, బోర్డు పీకి చంకలో పెట్టుకుంది. “ఆనించండి.”

దుంగ కొసని ఆ మెట్టు మీద ఆనించారు. అందరూ ఒకేసారి ‘అమ్మయ్య’ అన్నారు. ఆ రాయి ఇసుమంతైనా కదల్లేదు. పుట్టి ఇన్నేళ్ళకి తన తోబుట్టువునే మోస్తున్నా, ఎవరో గంప ఆనించినంత తేలిగ్గా నిలబడింది. బాబాయి దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకుని, తడి కళ్ళతో, “వణకట్లేదే,” అన్నాడు.

ఆ తర్వాత అదొక ఊరేగింపైపోయింది. రాయి నుంచి రాయికి మొయ్యడం, ఆనించడం, నవ్వుకోవడం. దారిలో చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా తలో చెయ్యీ వేశారు. మేస్త్రి పెళ్ళాం మధ్యలో కలిసి, మొగుడి నుదుటి మీది చెమట వేలితో తీసి చూసి, “నిజం చెమటే,” అని ఖాయం చేసింది. పెద్దావిడ వెనకాల కర్ర పోటు వేసుకుంటూ, ప్రతి రాతి దగ్గరా తన సంచీ ఆనించి మరీ కదిలింది. ప్లానరమ్మ చంకలో బోర్డులు పెరిగాయి.

“మరదలా,” అన్నాడు బావ రొప్పుతూ, “లోయ దగ్గర నీ పట్టెడ పట్టుకోకపోతే ఈ సంచీ ఇవాళ నాకు తప్పేది.”

“అక్కకి చెప్తాలే బావా, నువ్వే కాపాడావని.”

“స్వెటరు సంగతి?”

“అదీ వేసుకున్నావనే చెప్తా.”

బావ ముఖం వికసించింది. ఇంకో వంద అడుగులు నోరెత్తకుండా మోశాడు.

సూర్యుడు గట్టు మీద ఆగి చూస్తుండగా రాయి గోతిలోకి దిగింది. మట్టి కూరారు. మేస్త్రి గుద్ది చూశాడు. చీమ తన సంచీ తీసుకుని, వెనక్కి తిరిగి, ఆనించి, ఒళ్ళు వదిలేసింది. రాయి కదల్లేదు. కొండకి వీపు ఆనించినట్టుంది.

పెద్దావిడ నలిగిన మ్యాపుని ఆ రాతి మెట్టు మీదే పరిచింది. చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి, కింది రాతి నుంచి మలుపు రాతి దాకా ఒక్క గీత గీసింది. ప్లానరమ్మ ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసి ఎక్కిళ్ళు తెచ్చుకుంది. జనం చప్పట్లకి పక్క కొండ కూడా చప్పట్లు కొట్టింది. ప్లానరమ్మ మొగుణ్ణి పిలిపించి రాతి పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. పొగమంచు పడింది.

“ఇక్కణ్ణుంచి పైకి?” అంది పెద్దావిడ పెన్సిలు ఎత్తిపట్టి. “వెలుతురుండగా పై రాతి దాకా కూడా లాగేద్దాం.”

పై రాయి మలుపు దాటితే కనిపిస్తుంది. చీమ ముందు నడిచింది. వెనకాల మళ్ళీ సంచీ మోస్తూ బావ. ఇవాళంతా అన్నది పందెం, ఇవాళ ఇంకా అయిపోలేదు.

“ఒక్క నిమిషమే,” అన్నాడు బావ. ఇప్పుడు ఆయనకి పద్ధతి బాగా వచ్చింది. తాడు దాటాడు. వెనక్కి తిరిగాడు. సంచీని మెట్టుకి ఆనించి, “అమ్మయ్య...” అన్నాడు.

టొంగు.

బావ వెల్లకిలా పడ్డాడు. ఆయన పక్కన రాయి కూడా వెల్లకిలా పడింది.

చీమ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఒంటి చేత్తో పక్కకి దొర్లించింది. మలుపు వైపునుంచి బాబాయి పరిగెత్తుకొచ్చాడు.

“ఎన్ని చేయించారు బాబాయ్?”

“ఒక్కటే! ఒట్టమ్మా, ఒక్కటే!” ఆయన వంగి చూసి వెనక్కి తగ్గాడు. “ఇది నాది కాదు. నేను అడుగు మూయించాను. దీనికి అడుగే లేదు.”

నిజమే. కింద నోరు తెరుచుకుని ఉంది. చీమ సంచీలోంచి టార్చి తీసి లోపలికి వేసింది. లోపలి గోడ మీద ఎర్ర రంగుతో, తీరిగ్గా, అందంగా ఒక అంకె వేసి ఉంది.

పదకొండు.

బావ పడుకున్నచోటు నుంచే తల తిప్పి పైకి చూశాడు. చీమ కూడా చూసింది. సాయంత్రపు ఎండలో కొండ మీద రాళ్ళు ఒకదాని వెనక ఒకటి, కనుమ దాకా, వరసగా, ఎంతో నిజంగా నిలబడి ఉన్నాయి.

మలుపు అవతల కర్ర పోటు చప్పుడు దగ్గరవుతోంది. “ఏమ్మా, రాయి బాగుందా?” అని పెద్దావిడ గొంతు.

బావ చటుక్కున లేచాడు. ఆ ఖాళీ రాయిని రెండు చేతులా లేపి గోతిలో నిలబెట్టి, అది ఒరగకుండా దాని వెనకాలికి దూరి, వీపు ఆనించి నిలబడ్డాడు.

“బ్రహ్మాండంగా ఉందండీ!” అని అరిచాడు. తర్వాత పెదాలు కదలకుండా, “మరదలా, ఆవిడ సంచీ ఆనిస్తే నేనెంతసేపు ఆపగలననుకుంటున్నావ్?”

“ఇవాళంతా, బావా,” అంది చీమ. అప్పటికే ఆమె సంచీ భుజానికెత్తుకుని, ఇంకా పై రాతికి ఆనించి చూడటానికి పరిగెడుతోంది.